ఢిల్లీకి కొట్టుకొచ్చిన బోయా

మొన్న ఆదివారం చర్చి నుంచి నోయిడాలో అక్కావాళ్ల ఇంటికి వెళ్లి భోజనానికి కూర్చున్నానో లేదో, మేనకోడలు లాప్‌టాప్ తెచ్చి నా పళ్లెం పక్కన పెట్టింది. బంగాళాఖాతం నీటి వేడి మీద ఏదో పరిశోధన చేస్తోందట. తెర మీద ఒక గీత ఎగుడుదిగుడుగా ఏళ్లకేళ్లు సాగిపోతోంది. ఒకచోట మాత్రం తెగిపోయి, కొంత దూరం ఏమీ లేక, మళ్లీ మొదలైంది. "మామా, యే గ్యాప్ క్యా హై?" అంది. దానికి తెలుగంతా అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం హిందీ. నేను నోరు తెరిచేలోపే, ఎదురుగా పప్పులో నెయ్యి కలుపుకుంటున్న మా బావగారు చెయ్యి ఆపి, "అదా? అది మా ఆఫీసు లాను!" అన్నారు. పిల్లకు ఏమీ అర్థం కాలేదు. రిటైరై ఇంతకాలమైనా ఆయన కోపం చల్లారలేదని నాకు మాత్రం అర్థమైంది.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులు. సరోజినీ నగర్‌లో అక్కావాళ్ల ప్రభుత్వ క్వార్టర్‌లో ఉంటూ, ఓల్డ్ రాజిందర్ నగర్‌కి సివిల్స్ కోచింగ్‌కని రోజూ బస్సులో వేలాడుతూ వెళ్లేవాణ్ణి. అక్క ఆసుపత్రిలో నర్సు. బావగారిది సముద్రాన్ని చూసుకునే ఆఫీసు. ఎటు చూసినా దుమ్ము తప్ప సముద్రం లేని ఊళ్లో సముద్రానికి ఆఫీసేమిటని వచ్చిన కొత్తలో నవ్వాను. ఆయన నవ్వలేదు. నడిసముద్రంలో లంగరు వేసి తేలుతూ ఉంచే పెద్ద పసుపుపచ్చ బోయాలుంటాయి. నీటి వేడి, గాలి, అలల ఎత్తు కొలిచి ఉపగ్రహం ద్వారా పంపుతుంటాయి. వాటి బాగోగులు బావగారి పని. బోయా నీడకు చేపలు చేరతాయి, చేపల కోసం పడవలు చేరి తాళ్లు దానికే కడతాయి, పక్షులు రెట్టలు వేస్తాయి, నాచు పడుతుంది. ఏటా ఓడ వెళ్లి, కడిగి, పాడైనదాన్ని మార్చి రావాలి. కొత్త బోయా అంటే రిబ్బను, ఫొటోలు, లడ్డూలు. ఉన్నదానికి గొలుసు మార్చాలంటే మాత్రం మీటింగుల మీద మీటింగులు. ఈ సంగతి ఆయన రోజూ రాత్రి అన్నంలో ఆవకాయలా నంజుకునేవారు.

ఆ చలికాలం ఏదో ప్రదర్శన కోసం, బాగుచేసి ఓడ ఎక్కించడానికి సిద్ధంగా ఉంచిన బోయాను రేవు నుంచి లారీలో ఢిల్లీ రప్పించారు. ప్రదర్శన అయిపోయింది గానీ బోయా వెనక్కి వెళ్లలేదు. బావగారి పైఅధికారికి అది తెగ నచ్చేసింది. ఆఫీసు ముందు లానులో సిమెంటు తొట్టి కట్టించి, నీళ్లు నింపి, అందులో తేలేలా పెట్టించారు. చుట్టూ బంతిపూలు. మాలీ రోజూ పాత గుడ్డతో దాన్ని తళతళలాడేలా తుడిచేవాడు. సముద్రంలో ఉన్న బోయాలకు ఏనాడూ దక్కని భోగం అది. ఇంతలో, ఇది వెళ్లి నిలబడాల్సిన చోట ఉన్న పాత బోయా మూగబోయింది. రుతుపవనాలు దిగితే ఓడ అంతదూరం వెళ్లదు. ఆలోపే మార్చకపోతే ఆ ఏటి వానాకాలం లెక్కే ఉండదు. బావగారు వెళ్లి అడగడం, పైఅధికారి "ఠీక్ హై, ఠీక్ హై, పహలే వీఐపీ విజిట్ హో జానే దో" అంటూ వీఐపీ వచ్చి వెళ్లేదాకా ఆగమనడం. ఆ వీఐపీగారేమో రాకను వాయిదా వేస్తూనే ఉన్నారు.

అక్క డ్యూటీ దిగి వచ్చి ఈ కథ విన్నప్పుడల్లా మండిపడేది. "ఐసీయూలో పేషెంటుకి పెట్టాల్సిన మిషను తీసుకెళ్లి రిసెప్షన్‌లో షోకి పెడతారంటండీ ఎవరైనా? మీరు గట్టిగా అడగరేం?"

"గట్టిగానే అడిగానే! ఇంకో కొత్తది శాంక్షన్ చేయిస్తానంటాడు. అదొచ్చేసరికి మనూరి మీదికి రావాల్సిన తుఫాన్లన్నీ వచ్చిపోతాయి" అనేవారాయన. మా ఊళ్లో సగం ఇళ్లవాళ్లు సముద్రం మీద చేపల వేటకెళ్లేవాళ్లే.

ఎండలు ముదిరాక వీఐపీ వచ్చారు. దీపం మిణుకుమంటూ, తెర మీద అంకెలు కదులుతూ కనబడాలని పైఅధికారి బోయాను ఆన్ చేయించారు. వచ్చినాయన దాని వంక ఓ చూపు చూసి, టీ తాగి వెళ్లిపోయారు. ఆఫ్ చేయమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆన్ చేయడానికైతే పైనుంచి ఆర్డరు వస్తుంది, ఆఫ్ చేయడానికి ఎవరిస్తారు? ఇక బోయా తన పని తాను చేసుకుపోయింది. తొట్టిలో సలసల కాగుతున్న నీళ్లను, ముఖం మాడ్చే లూ గాలిని, బొత్తిగా లేని అలలను బంగాళాఖాతం పేరిట లోకమంతటికీ పంపించింది. సోమవారం బావగారు ఆఫీసుకు వెళ్లేసరికి ఏదో విదేశీ వాతావరణ కేంద్రం నుంచి ఎంతో మర్యాదగా ఒక సందేశం. మీ బోయా లంగరు తెంచుకున్నట్టుంది, ప్రస్తుతం ఢిల్లీ దగ్గర కనబడుతోంది, వెతికి తీసుకోవడానికి సాయమేమైనా కావాలా అని.

ఆ సాయంత్రం ఆయన చెబుతుంటే అక్కా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. ఆయనకు నవ్వు రాలేదు. ఆ సందేశం పైఅధికారి ముందు పెట్టి, "సర్, రికవర్ కర్ లేఁ?" అని మాత్రం అడిగారట. నెలల తరబడి బతిమాలినా కదలనిది, పరువు పోతుందనేసరికి కదిలింది. మర్నాడే క్రేనూ లారీ వచ్చాయి. "సాబ్, మేరే సారే ఫూల్ కుచల్ గయే" అని నలిగిపోయిన బంతిపూలు చూసి మాలీ లబోదిబోమన్నాడు. బావగారు బోయాకు తాళ్లు దగ్గరుండి కట్టించారు. లారీ నాగపూర్ దాటకముందే కబురొచ్చింది. ఆ ఏడు మబ్బులు తొందరపడ్డాయని ఓడ ఈ బోయా కోసం ఆగకుండా వెళ్లిపోయిందట. బోయా వానలు వెళ్లేదాకా రేవులోనే పడుంది. ఆ రాత్రి బావగారు అన్నం ముందు నుంచి లేచిపోయారు. నాకు ఆ పైఅధికారిని అదే తొట్టిలో ముంచాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

కథంతా విన్న మేనకోడలు తేలిగ్గా భుజాలెగరేసింది. "తో క్యా హువా, పాపా? ఆస్‌పాస్ కా డేటా హై నా. సాఫ్ట్‌వేర్ సే భర్ దేతీ హూఁ." చుట్టుపక్కల లెక్కలు పట్టుకుని ఆ ఖాళీని పూడ్చేస్తుందట.

"ముట్టుకోకు దాన్ని!" అని బావగారు ఎంగిలి చెయ్యి గాల్లోకెత్తారు. కాస్త తమాయించుకుని, "అప్పుడక్కడ ఏం జరిగిందో మనకి తెలీదమ్మా. తెలీదనే ఉంచు" అన్నారు. అక్క ఆయన పళ్లెంలో పెరుగు వేసింది. పిల్ల లాప్‌టాప్ మూయలేదు. ఆ గీతలోని ఖాళీ మా అందరి ఎదుటా అలాగే ఉంది. ఆ వానాకాలం సరోజినీ నగర్‌లో మేం తిన్న పకోడీలు, తడిసిన బట్టలు, అక్క తిట్లు నాకు నిన్నటిలా గుర్తున్నాయి. సముద్రం మీద కూడా ఆ వానలే కురిసి ఉంటాయి. దారి తప్పిన బోయాను లారీలో తెచ్చుకోవచ్చు గానీ, గడిచిపోయిన ఆ వానాకాలాన్ని కొలిచి రావడానికి ఇప్పుడు ఏ ఓడను పంపుతాం?