మాట ఆగిన మధ్యాహ్నం

తుడుస్తున్న గుడ్డ నా వేళ్ల మధ్య నుంచి జారిపోతోంది. చూస్తున్నాను కానీ పట్టుకోవాలనిపించలేదు. ఏదో తేడాగా ఉందని మొదట తోచింది ఆ క్షణంలోనే.

అప్పుడు నేను మాదాపూర్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. సెల్‌ఫోన్ల తెరలకు గాజు బదులు ప్లాస్టిక్ వాడాలని మా ప్రయత్నం. ప్లాస్టిక్‌లోంచి తేమ దూరి తెరను పాడుచేస్తుంది కనుక దాని మీద కంటికి కనిపించనంత పలుచని రక్షణ పొర వేయాలి. వేడి ఎక్కువైతే ప్లాస్టిక్ కాల్చిన అప్పడంలా ముడుచుకుపోతుంది. అందుకని గాలి తీసేసిన పెద్ద స్టీలు పీపాలో, తక్కువ వేడి మీదే ఆ పొర పట్టించేవాళ్లం. పని అయ్యాక లోపలికి నైట్రోజన్ వదిలి, వాల్వు కట్టేసి, మూత తెరిచి, లోపలికి మామూలు గాలి ఆడాక, నడుము దాకా వంగి తుడవాలి.

నైట్రోజన్‌కు వాసన లేదు. అది నిండిపోయినా ఊపిరాడనట్టు ఉండదు, తెలియకుండానే స్పృహ తప్పుతుంది. అందుకే మాలో ఒక అలవాటు: తల లోపల పెట్టిన మనిషి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి, పక్కన ఒకరు వింటూ ఉండాలి. నాకైతే సిగ్గుగా ఉండేది. పిల్లల సంగతులు తప్ప నా దగ్గర ఏముంటాయి? ఆ రోజు వింటున్నది సిద్దిపేట నుంచి వచ్చిన మా టెక్నీషియన్.

"మా చిన్నది పాలు తాగనంటుందండి. గ్లాసు చూస్తే చాలు, మంచం కిందికి దూరుతుంది."

"గిదే ముచ్చట నిన్న గూడ చెప్పినవ్ గదక్కా. జర కొత్తది చెప్పు."

గుడ్డ జారింది అప్పుడే.

"ఏందక్కా, అలిగినవా? అక్కా!"

తర్వాత నాకు తెలిసింది, ఎవరో భుజాలు పట్టి వెనక్కి గుంజడం. కళ్లు తెరిచేసరికి బయట మెట్ల మీద ఉన్నాను. కట్టేసిన వాల్వులోంచి నైట్రోజన్ కారుతూనే ఉందట. టెక్నీషియన్ నా పక్కనే కూర్చుని అట్టముక్కతో విసురుతున్నాడు.

"ఇగ ఫికర్ లేదక్కా, ఊపిరి తీస్కో. ఆ పాల ముచ్చటే మల్లా చెప్పు. ఎన్నిసార్లు చెప్పినా ఇంట."

నవ్వబోయి ఏడ్చాను. స్కూలు వదిలే వేళకు గేటు దగ్గర నా కోసం చూసే ఇద్దరూ కళ్ల ముందు మెదిలారు. ఆ సాయంత్రం వాళ్ల చేతులు పట్టుకుని మూసాపేటలో రోడ్డు దాటుతుంటే, నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

మర్నాడు పొద్దున పెద్దదానికి జడ వేస్తూ ఇద్దరికీ చెప్పాను: "నిన్న పనిలో అమ్మకు కళ్లు తిరిగాయి. ఒక మామయ్య పట్టుకుని బయటికి తెచ్చాడు. ఆదివారం ఆయన మనింటికి భోజనానికి వస్తాడు. మీరిద్దరే వడ్డించాలి."