ప్రతి సినిమాలో చచ్చే మనిషి

నిన్న నిజామాబాద్ బస్సులో, నా కూతురి పక్కన కూర్చుని ఫోన్‌లో పాత కౌబాయ్ సినిమా చూస్తుంటే చిన్నప్పుడు చూసిన ఆ గడ్డపాయన కనిపించాడు. స్పెయిన్ నటుడట. ఇలా వచ్చి చచ్చిపోయే చిన్న వేషాలు లెక్కలేనన్ని వేశాడట.

చిన్నప్పుడు బోధన్‌లో మా అవ్వ నన్ను వీడియో హాలుకు తీసుకుపోయేది. పొద్దంతా బీడీలు చుట్టిన ఆమె చీర తునికాకు వాసన వేసేది. ఒకసారి తెర మీద ఈయన గుర్రం దిగగానే అవ్వ గట్టిగా అంది.

"మొన్ననే సచ్చిండు గద గీడు. మల్ల వచ్చినవా బిడ్డా?"

హాలంతా నవ్వింది. అవ్వ ఆ చావు నిజమనుకుందని నాకు తల కొట్టేసినట్టయింది. లేచిపోయి, ఎవరో తెలియనివాళ్ల పక్కన కూర్చున్నాను.

ఇంటికి పోతూ, "అదంతా ఉత్తదే అవ్వా" అన్నాను విసుగ్గా.

"నాకెర్క లేదానే? దినాం సచ్చుడు, తెల్లారి మల్ల పనికి వచ్చుడు. పాపం, మన అసొంటోడే" అంది, వేళ్లు నొక్కుకుంటూ.

ఆ మాట నాకు పట్టలేదు. తర్వాతి వారం అవ్వ పిలిస్తే కడుపునొప్పి అన్నాను. మళ్లీ పిలవలేదు.

నిన్న ఆయన గుర్రం దిగగానే, నాకు తెలియకుండానే పైకి అనేశాను.

"మల్ల వచ్చినవా బిడ్డా?"

ముందు సీటువాళ్లు తిరిగి చూశారు. నా కూతురు మెల్లగా లేచి, వెనక సీట్లోకి పోయి కూర్చుంది.