అత్త వేసిన దయ్యం వేషం

నిన్న బుక్కరాయసముద్రంలో టీ కొట్టు దగ్గర కొందరు ఒకే ఫోన్ మీదికి తలలు వంచి పగలబడి నవ్వుతుంటే నేనూ తొంగి చూశాను. తెల్లచీర కట్టి, జుట్టు విరబోసుకున్న దయ్యం ఒకటి పాడుబడిన కోటలో ప్రాణభయంతో పరుగెడుతోంది. ఆ దయ్యం మా మేనత్త.

కొన్నేళ్ల కిందట మా తమ్ముడు ఫోన్‌తోనే ఒక నవ్వుల సినిమా తీయబోయాడు. చోటు మా ఊరి కొండ మీది కోట. అక్కడి దయ్యం గురించి నాకు తెలిసినంత ఆ దయ్యానికే తెలియదు. వేషం కట్టడానికి అనంతపురం నుంచి వచ్చిన అమ్మాయి, కోటలో నిజంగానే దయ్యముందని విని, వచ్చిన ఆటోలోనే వెనక్కి పోయింది. తమ్ముడు సామాను సర్దుతుంటే, అందరికీ సద్ది తెచ్చిన అత్త అడ్డం నిలబడింది.

"యాడికి పోతాండావురా? నేనుండా గదా."

"కింద పడాల్సి ఉంటాది అత్తా. నీకు మోకాళ్ల నొప్పులు."

"పడతా. నాటకమోళ్లు పిలిస్తే మీ తాత పోనీలేదు. మళ్లా అడిగినోళ్లు లేరు. ఈ పొద్దు వేషం కట్టకుండా కొండ దిగేది లేదు."

బియ్యప్పిండి లేకపోవడంతో అత్త ముఖానికి జొన్నపిండి పూశాం. దయ్యానికి కామెర్లు వచ్చినట్టుంది. జారిపడటానికి అరటి తొక్కలు దొరక్క బండల మీద శనక్కాయలు పోశాం. ఆ వాసనకు కింద మేస్తున్న గొర్రెలు పైకొచ్చాయి, వాటి వెనకే కాపరీ వచ్చాడు. మా వైపు దయ్యం ఎదురైతే కాలి చెప్పు తీసి చేతపట్టుకుంటారు. చెప్పును చూస్తే దయ్యం పారిపోతుందని నమ్మకం. అతను రెండు చెప్పులూ తీసి అత్త వెంటపడ్డాడు. తమ్ముడు అతణ్ని ఆపబోతే, అత్త పరుగెడుతూనే "నిలపొద్దురా, తియ్యి" అంది. శనక్కాయల మీద అత్త జారింది, ఆమెను తట్టుకుని కాపరి బోర్లా పడ్డాడు, పొట్టేలొకటి తమ్ముణ్ని వెనకనుంచి కుమ్మింది. వాడు పడ్డాడు గానీ ఫోన్ దించలేదు. అత్త లేచి మళ్లీ పరుగందుకుంది. కోట బురుజు పక్కకు జరిగి ఆమెకు దారిచ్చింది; నేను కళ్లారా చూశాను. చివరికి ఇద్దరూ ఆయాసంతో మెట్ల మీద కూలబడ్డాక, చెమటకు పిండి కారిపోయి అత్త ముఖం బయటపడింది.

"నువ్వాక్కా? ముందే చెప్పకూడదా?" అన్నాడు కాపరి.

"చెప్పింటే ఇంత బాగా తరుముతాంటివా?"

అత్త ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తుంది. వేషం కట్టమని ఆ తర్వాత ఎవరూ అడగలేదు. ఆమె ఎదురుచూడనూ లేదు. కాలం మనిషికి ఇచ్చినవన్నీ ఒక్కొక్కటే లాక్కుంటుంది గానీ, మనిషి పట్టుబట్టి సంపాదించుకున్న ఒక్క మధ్యాహ్నాన్ని మాత్రం అది మనిషికే వదిలిపెట్టక తప్పదు.