రైలు పార్సిల్‌లో వచ్చిన కోడిపిల్లలు

నా చిన్నప్పుడు, మేము డోర్నకల్ రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో, ఒక చలికాలమంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు. రైలు కూత వినబడితే చాలు, కంచంలో అన్నం కంచంలోనే వదిలేసి పరుగెత్తేదాన్ని. మా అమ్మను కాన్పు కోసం వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. వెంట మా నాయిన పోయాడు. నన్ను మా అవ్వ దగ్గర, అంటే నాయిన వాళ్ల అమ్మ దగ్గర ఉంచారు. తమ్ముడినో చెల్లెలినో ఎత్తుకుని తొందరగా వచ్చేస్తామన్నారు. రోజులు గడుస్తున్నాయి గానీ ఎవరూ రాలేదు. నేను కనబడగానే పెద్దవాళ్లు మాట్లాడుకునే మాట ఆపేసేవాళ్లు. అది నా భయాన్ని ఇంకా పెంచేది.

మా క్వార్టర్స్‌కు, స్టేషన్‌కు మధ్యలో పట్టాలు ఉండేవి. వాటి మీద ఎప్పుడూ ఏదో ఒక గూడ్సు బండి ఆగి ఉండేది. వంతెన ఎక్కి పోవాలంటే చాలా చుట్టు. అంతసేపు నాకు ఓపిక ఎక్కడిది? వంగి గూడ్సు డబ్బాల కింది నుంచి దూరి అవతలికి పోయేదాన్ని. వరంగల్ వైపు నుంచి వచ్చిన బండి దిగేవాళ్ల ముఖాలన్నీ వెతికి, ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక మళ్లీ అదే దారిన వచ్చేదాన్ని. మా నాయిన ఆ యార్డులోనే బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆగిన బండి ఎప్పుడు కదులుతుందో చెప్పలేమని ఆయన నాకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. అవ్వ తిట్టింది, ఒకసారి వీపు మీద రెండు వేసింది కూడా. మోకాళ్ల నొప్పులతో ఆమె గడప దాటేలోపే నేను పట్టాల దగ్గర ఉండేదాన్ని.

ఒకరోజు నేను డబ్బా కింది నుంచి బయటికి వచ్చేసరికి ఎదురుగా పక్కింటి అక్క నిలబడి ఉంది. ఆమె రైల్వే బడిలో పంతులమ్మ. చూపు సరిగా ఆనని తల్లిని ఒక్కర్తే పోషించుకుంటూ, పెరట్లో ఏవో ఒకటి పెంచుతూ ఉండేది. తిడుతుందని తల వంచుకున్నాను. ఆమె తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిపించింది. గడప దాటేదాకా ఆ పట్టు వదల్లేదు.

ఆ తర్వాత ఒక పొద్దున వచ్చి, "నాతోని స్టేషన్ దాక వస్తవా చెల్లె? బరువున్నది, ఒక్కదాన్నే మొయ్యలేను" అంది. వంతెన ఎక్కి ఇద్దరం పార్సిల్ ఆఫీసుకు పోయాం. అక్కడ చుట్టూ చిల్లులున్న అట్టపెట్టె ఒకటి ఉంది. దానిలోంచి సన్నగా, ఎడతెగకుండా అరుపులు. అక్క హైదరాబాదులోని ఒక కోళ్ల ఫారానికి రాసి, ముందే పైకం పంపి తెప్పించుకున్న కోడిపిల్లలు. గుడ్డులోంచి బయటపడ్డ రోజే వాటిని పెట్టెలో పెట్టి రైలెక్కించారు. ఆ పెట్టె ఏమంత బరువు లేదు. అయినా ఇద్దరం చెరో పక్క పట్టుకుని నడిచాం. లోపల చిన్న చిన్న కాళ్లు అటూ ఇటూ జారుతున్నట్టు నా అరచేతులకు తెలుస్తూ ఉంది.

ఇంటికొచ్చి మూత తీశాం. పసుపు ముద్దల్లా ఉన్నాయి. ఒక మూలన కొన్ని కదలడం లేదు. అక్క వాటిని తీసి కాగితంలో చుట్టింది. "ఇవెందుకట్ల ఉన్నయి?" అని అడిగాను. "చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కినయి. కిందియి నలిగిపోయినయి" అంది. మిగతావాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని ముక్కు బెల్లం నీళ్లలో ముంచి, తాగడం నేర్పింది. వెడల్పాటి గంపలో ఊక పోసి, దాని మీద వెచ్చదనానికి బల్బు వేలాడదీసింది. మక్కజొన్న నూక చల్లింది. ఆ గంపను తన ఇంట్లో పెట్టుకోకుండా మా వరండాలో పెట్టించింది. పగలు తను బడికి పోతే చూసేవాళ్లు లేరని చెప్పింది.

అప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక సంగతి చెప్పింది. "ఇవి తల్లి లేకుంట వచ్చినయి చెల్లె. రైలు కూత ఇంటె బెదురుతయి. బెదిరి అన్నీ ఒక్క మూలకు ఉరుకుతయి. కూత ఇనబడంగనే నువ్వు చెయ్యి లోపల పెట్టి మెల్లగ ఇడదియ్యాలె. ఒక్కసారి నువ్వు లేకపోయినా ఎన్ని బతుకుతయో నేను చెప్పలేను."

కాగితంలో చుట్టినవాటిని కళ్లారా చూశాను కదా, ఆ మాట నాలో నాటుకుపోయింది.

ఆ రోజుల్లో నేను పడ్డ అవస్థ ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు కుదురుగా ఉండదు. కూత వినబడేది. కాళ్లు ఉరకమనేవి, చేతులు గంపలో ఉండేవి. ఈ బండిలోనే అమ్మ దిగుతుందేమో, నేను కనబడకపోతే వెతుక్కుంటుందేమో అని లోపల ఒకటే గుంజులాట. ఆ బండి వెళ్లిపోయాక లేచి, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేదాన్ని. మళ్లీ కూర్చునేదాన్ని. మళ్లీ కూత. నా చేతి కింద ఆ పిల్లలు వెచ్చగా దూరేవి, వేళ్ల సందుల్లో తలలు పెట్టి కళ్లు మూసుకునేవి. "ఏందే, ఇయ్యాల కాళ్లు కట్టేసుకున్నవా?" అని అవ్వ ఆశ్చర్యపోయేది.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి చలిగాలి తిరిగింది. కరెంటు పోయింది. బల్బు ఆరిన కాసేపటికి కోడిపిల్లలన్నీ నిజంగానే మూలకు పోగయ్యాయి. నేను రెండు చేతులతో విడదీస్తున్నాను. విడదీసినవి విడదీసినట్టే మళ్లీ పోయి కలుస్తున్నాయి. సరిగ్గా అప్పుడే వరంగల్ బండి కూత వేసింది. కాసేపటికి స్టేషన్ వైపు వంతెన మెట్ల మీది నుంచి ఎవరో అరిచారు. "ఓ పిల్లా, మీ నాయిన దిగిండే!"

లేచి నిలబడ్డాను. గడప దాకా పోయాను. ఎదురుగా గూడ్సు బండి ఆగి ఉంది, దాని కింది నుంచి అవతలి ప్లాట్‌ఫారం మీద నడుస్తున్న కాళ్లు కనబడుతున్నాయి. వెనకనుంచి ఆ సన్నటి అరుపులు. ఏడుస్తూనే వెనక్కి వచ్చి కూర్చున్నాను. నా లంగా కుచ్చెళ్లలోకి ఆ పిల్లలన్నిటినీ ఎత్తుకుని, కడుపుకు ఆనించుకుని, పైన అవ్వ దుప్పటి కప్పుకున్నాను. అంతలో డబ్బాకు డబ్బా తగులుతూ పెళపెళమని చప్పుడైంది. గూడ్సు బండి ఒక్క కుదుపుతో కదిలింది.

ఆ చప్పుడు వింటూనే బడి నుంచి అక్క పరుగెత్తుకొచ్చింది. చెప్పుల్లేవు. కొంగు నేల మీద ఈడ్చుకుంటోంది. గంప వైపు చూడనే లేదు. నా దగ్గర కూలబడి, నా తల, చేతులు, కాళ్లు తడిమి చూసింది. "ఉన్నవా, ఉన్నవా బిడ్డా" అంటూ ఏడ్చింది. అన్ని కోడిపిల్లలూ బతికే ఉన్నాయని చెప్పాను. ఆమె తలూపింది గానీ నా మాట విన్నట్టు లేదు.

నాయిన వంతెన మీదుగా వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. నా పక్కన కూర్చుని, "అమ్మ పానం బాగున్నది. తమ్ముడే మనకు దక్కలే" అన్నాడు. ఇన్నాళ్లూ పెద్దవాళ్లు నా ముందు మింగేసిన మాట అదే.

కొన్నాళ్లకు అమ్మ వచ్చింది. వచ్చింది గానీ గోడ వైపు తిరిగి పడుకునేది. నా జడ అవ్వే వేసేది. పలకరిస్తే "ఊఁ" అనేది, అంతే. వండిన కూర వండినట్టే ఉండేది. నాయిన డ్యూటీకి పోయేముందు ఆమె పక్కన నిలబడి, దుప్పటి సర్ది వెళ్లిపోయేవాడు. నేను ఇంట్లో ఉండలేకపోయేదాన్ని, బయట ఉండలేకపోయేదాన్ని.

వానలు పడే నాటికి కోడిపిల్లలు తెల్లటి పెట్టలయ్యాయి. కొన్ని పుంజులయ్యాయి. పెట్టలు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి గానీ ఒక్కటీ పొదగడానికి కూర్చోలేదు. "ఈ జాతికి పొదిగే బుద్ధి ఉండదు" అని అక్క ఒక నాటుకోడిని తెచ్చింది. ఎర్రటి కోడి, పొదుగు మీదున్నది. గంపలో గుడ్లు పేర్చి దాన్ని కూర్చోబెట్టింది. నేను రోజూ పోయి చూసేదాన్ని. పక్క నుంచి బండ్లు పోయినా, ఇంజిన్ కూత పెట్టినా ఆ కోడి కన్నైనా ఆర్పేది కాదు. చెయ్యి పెడితే మాత్రం పొడిచేది.

మరికొన్ని రోజులకు అక్క ఆ గంపను ఎత్తుకుని మా ఇంటికి వచ్చి, అమ్మ పడుకున్న మంచం పక్కనే పెట్టింది. "చిన్నమ్మా, మా ఇంట్ల పిల్లి తిరుగుతున్నది. నేను బడికి పోవాలె. ఈ కోడి రైలు కూత ఇంటె బెదిరి లేస్తది, గుడ్లు సల్లబడతయి. కూత ఇనబడ్డప్పుడు జర దీని దిక్కు చూస్తవా?"

అది నిజం కాదన్న మాట నా నోటి దాకా వచ్చింది. ఆ కోడి దేనికీ బెదరదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? నోరు తెరిచాను. అక్క నా వైపు చూసింది, అంతే. ఆ ఒక్క చూపులో నాకు చలికాలమంతా అర్థమైపోయింది. కరెంటు పోయిన రోజు చలికి పోగయ్యాయే తప్ప, ఆ కోడిపిల్లలు రైలు కూతకు ఎన్నడూ బెదరలేదు. నా చేతుల కింద హాయిగా నిద్రపోయాయి. నేను నోరు మూసుకున్నాను.

కూత వినబడింది. అమ్మ కొంచెంసేపు అలాగే పడుకుంది. తర్వాత మెల్లగా లేచి కూర్చుని, గంప వైపు వంగి చూసింది. ఆ సాయంత్రం మళ్లీ చూసింది. మర్నాడు కోడికి నూక, నీళ్లు తనే పెట్టింది. ఊక తడిసిందని మార్చింది. అవ్వ, నేను వంటింటి తలుపు చాటు నుంచి చూస్తూ ఉండేవాళ్లం. గుడ్లు పగిలిన రోజున అమ్మ గొంతు వాకిలి దాకా వినబడింది. "బిడ్డా, ఉరికిరా! బయటికొస్తున్నయి!" వెళ్లేసరికి ఆమె అరచేతిలో తడి ఇంకా ఆరని కోడిపిల్ల ఉంది. దాన్ని నా చేతిలో పెట్టి, నా జుట్టు చూసి, "ఇదేం జడనే, ఇటు రా" అంది. దువ్వెన తెచ్చుకుని నా వెనక కూర్చుంది. జడ అల్లుతూ అల్లుతూ ఏడ్చింది. అమ్మ కన్నీళ్లు పెట్టుకోవడం నేను చూసింది అప్పుడే. ఆ తర్వాత ఆమె మళ్లీ గోడ వైపు తిరగలేదు.

పెద్దయ్యాక ఒకసారి అమ్మను అడిగాను, అక్క చెప్పింది అబద్ధమని నీకు తెలుసా అని. అమ్మ నవ్వింది. "నేను కోళ్ల నడుమ పుట్టిపెరిగిన దాన్ని. పొదుగు మీదున్న కోడి సంగతి నాకు తెల్వదా ఏంది? అయినా ఆ పిల్ల అంత ఆశతోని అడిగింది గదా, కాదని ఎట్లంట?"

నేను నర్సునయ్యాను. మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి దవాఖానల్లో నా ఉద్యోగకాలమంతా గడిచింది. కాన్పుగది బయట నిలవలేక తిరిగే తల్లులను, భర్తలను, అత్తలను ఎంతమందిని చూశానో. జర కూసోండి, పరేషాన్ కావొద్దు అని వాళ్లతో ఎన్నడూ అనలేదు. నిలవలేని మనిషిని నిలవమంటే ఇంకా నిలవలేరని నాకు తెలుసు. చేతికో చెంబు ఇచ్చి, "ఎక్కడన్న జర వేడినీళ్లు దొరుకుతయా చూడండి, మీరు తెస్తేనే అయితది" అని పంపేదాన్ని. పరుగున పోయేవాళ్లు. కాలే చెంబును కొంగుతోనో తువాలతోనో పట్టుకుని, చుక్క ఒలకకుండా తెచ్చేవాళ్లు. లోపల వేడినీళ్లు ఎప్పుడూ సిద్ధంగానే ఉండేవి. కొందరికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. అయినా ఒక్కరూ నన్ను ఆ మాట అడగలేదు.