శివరాత్రికి నాటిన చెరుకు

అరవైల్లో మాట. వర్ని దారిలో ఒక చిన్న చక్కెర మిల్లు ఉండేది. అందులో నేను గుమాస్తాను. చెరుకు కోత వంతుల జాబితా రాయడం నా పని. ముందు నాటిన చేను ముందు కోయాలి, అదీ లెక్క. పటేళ్లు నాటిన తేదీ రాయిస్తారు; చిన్న రైతులేమో తేదీ చెప్పరు, పండుగ చెబుతారు. ఆ పండుగను నేను తేదీగా మార్చి రాసుకోవాలి.

ఆ ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. జాబితా గేటుకు అంటించి ఊరుకుంటే చాలదు, ఊరికి పోయి రైతుల ముందు చదవాలి, వాళ్ల మాట వినాలి అన్నాడు. ఈయనకు పనీపాటా లేదా అని లోపల తిట్టుకున్నాను. రుద్రూర్ దగ్గరి ఊళ్లో బడి అరుగు మీద ఆయన పక్కన నిలబడి, గొంతు సవరించుకుని చదివాను.

ఒక ముసలవ్వ లేచింది. మొగడు పోయాక రెండెకరాల చెరుకే ఆమెకు దిక్కు. కాలువ నీళ్లు బందై చేను ఎండుమొహం పట్టింది.

"నేను శివరాత్రికి పెట్టిన. గీ పటేలు నా ఎనక పది రోజులకు పెట్టిండు. ఆయనది ముందెట్ల కోస్తరు? ఇంక ఇరవై రోజులాగితె నా చెరుకు పొయ్యిల పెట్టనీకే!"

"నీకు యాది లేదు అవ్వా" అనబోయి ఆగిపోయాను. జాబితా రాసింది గోడకున్న కొత్త క్యాలెండర్ చూసి కదా! ఆమె నాటింది పోయినేటి శివరాత్రికి. నడుమ అధిక మాసం వచ్చి, ఈ ఏటి పండుగ ఇరవై రోజులు ఆలస్యంగా పడింది. ఆ తేదీయే రాసి, పండుగ పేరు చెప్పిన పేదరైతులందరినీ వెనక్కి నెట్టేశాను.

నౌకరీ పోతుందని భయం. అయినా ఆ అవ్వ మొహం చూస్తూ అబద్ధమాడలేకపోయాను.

"తప్పు నాదే సార్" అనేశాను.

మేనేజరు జేబులోంచి కలం తీశాడు. దాన్ని నా చేతిలో పెట్టాడు. "ఇందుకేగా వచ్చింది. ఇక్కడే దిద్దు, అందరూ చూస్తుండగా."

"గింత సదివినవ్, అధిక మాసం తెల్వదా బిడ్డా?" అంది అవ్వ. ఊరంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అబ్బ, ఎంత హాయి! నెత్తి మీది బస్తా దించినట్టయింది.

తన వంతు రోజున ఆమె బండి మిల్లుకొచ్చింది. లోపలికి పోయేముందు ఆపించి, ఒక గడ విరిచి నా చేతిలో పెట్టింది.

"నమిలి సూడు. ఇంకా ఎండిపోలే."

నమిలాను. రసం గడ్డం మీదికి కారింది.