అద్దానికి ఆనించిన చేతులు

నా చిన్నప్పుడు కువైట్‌లో మాకొక పాత కారుండేది. మొండితనంలో అది మా నాన్నకేమీ తీసిపోయేది కాదు. డ్రైవరు వైపు తలుపు కాస్త గట్టిగా వేస్తే, ఒక్కోసారి నాలుగు తలుపుల తాళాలూ వాటంతటవే పడిపోయేవి. బాగు చేయించమని అమ్మ పోరుతూనే ఉండేది, వచ్చే శుక్రవారం చూద్దామని నాన్న అంటూనే ఉండేవాడు.

అలాంటి ఒక శుక్రవారం, మండు వేసవి మధ్యాహ్నం, నాన్నా నేనూ పక్కింటి కడప అక్కా కూరగాయలకని ఊరి బయట ఎడారిలో ఉండే కబ్ద్ తోటలకు వెళ్లాం. నేను వెనక సీట్లో నిద్రపోతున్నాను. అక్క దిగింది. నాన్న ఇంజను ఆపి, తాళంచెవి దానికే వదిలేసి, దిగి తలుపు వేశాడు. నన్ను ఎత్తుకుందామని వెనక తలుపు దగ్గరికి వచ్చేలోగా నాలుగు తాళాలూ టక్కున పడ్డాయి.

నాకప్పుడు ఐదేళ్లు. కిటికీ అద్దాలూ కరెంటువే, ఇంజను ఆగితే కదలవు. నాన్న బయటి నుంచి సైగ చేసినట్టే తాళం బుడిపెను రెండు చేతులా పైకి లాగాను. లేచినట్టే లేచి మళ్లీ పడిపోయింది. ఎన్నిసార్లు లాగినా అంతే. లోపల ఉడికిపోతోంది, ఏడవడానికి కూడా ఊపిరి చాలడం లేదు. అద్దం పగలగొడదామంటే చుట్టూ ఇసుకే గానీ ఒక్క రాయి లేదు. నాన్న చెప్పుతో కొట్టి కొట్టి, చివరికి సుత్తి కోసం తోటలోకి పరుగెత్తాడు. నన్ను వదిలేసి పోతున్నాడనే అనుకున్నాను.

కడప అక్క వంగి, రెండు అరచేతులూ అద్దానికి ఆనించింది.

"నన్నే చూడు పాపా. మీ నాయన వస్తాండాడు. నేను యాడికీ పోను."

ఆమె వల్ల అయ్యేదేమీ లేదు. ఆ చేతుల మధ్య ఆమె ముఖాన్నే చూస్తూ ఉండిపోయాను. నాన్న వచ్చి అవతలి అద్దం పగలగొట్టేదాకా ఆమె కదల్లేదు.

మర్నాడు నాన్న తలుపు లోపలి అట్ట విప్పి చూపించాడు. తాళాన్ని లేపి దించేది ఒక చిన్న మోటారు. దానికి కరెంటు తెచ్చే వైర్లు తలుపు బందు దగ్గర రబ్బరు గొట్టంలోంచి వస్తాయి. తలుపు తీసినప్పుడల్లా, వేసినప్పుడల్లా అక్కడే నలిగి, పైతొడుగు చిట్లి, ఒకదానికొకటి తగులుతున్నాయి.

"ఇదేనమ్మా, ఇంత వైరు ముక్క" అన్నాడు నాన్న దాన్ని పట్టుకుని.

అదే రోజు మధ్యాహ్నం పక్కింటికి వెళ్తే అక్క అన్నం తింటోంది. ఎప్పుడూ చేత్తో కలుపుకుని తినే మనిషి, చెంచాతో తింటోంది. ఆ ఎండకి కారు అద్దం పెనంలా కాలుతుందని నాకప్పుడు తెలిసింది. ఆమె అరచేతుల నిండా బొబ్బలు.

నా వల్ల ఏమీ కాని కష్టం ఎవరికైనా వస్తే, వెళ్లి మాత్రం ఏం చేస్తానులే అని ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పుడు ఆ చెంచా గుర్తొస్తుంది. వెళ్లి వాళ్లకు కనిపించేచోట నిలబడతాను.