తొమ్మిదో బిళ్ల

ఆయన్ని అందరూ గోటి మావయ్య అంటారు. నిజానికి మావయ్య వరస ఒక్క మనిషికే, ఆయన చెల్లెలి కూతురికి. ఆ పిల్ల నోట విని షూటింగ్ మైదానం మొత్తం అదే పిలుపు పట్టుకుంది. గడ్డి కోసేవాళ్లూ, తుపాకీ నేర్పేవాళ్లూ, ఆఖరికి ఆయనకంటే పదేళ్లు పెద్దవాడైన గేటు కాపలాదారు కూడా మావయ్యా అనే పిలుస్తాడు.

చెప్పుకోవడానికి ఆయన పని చిన్నదే. మైదానంలో నేలకు కిందుగా ఓ కాంక్రీటు గుంత, అందులో వరసగా పదిహేను యంత్రాలు ఉంటాయి. పైన షూటర్ కేక వెయ్యగానే ఏదో ఒక యంత్రం మట్టి బిళ్లను గాల్లోకి విసురుతుంది. అది నేల తాకేలోగా పేల్చాలి. మట్టి అన్నది పేరుకే, సున్నపురాయి పొడీ తారూ కలిపి పోసిన బిళ్ల అది. ఆ బిళ్లల్ని యంత్రాల్లో నింపి, ఏ యంత్రమైనా మొరాయిస్తే సర్ది, ఆట అయ్యేదాకా ఆ గుంతలోనే స్టూలు మీద కూచునేది మావయ్య.

నింపే ముందు ప్రతి బిళ్లనీ బొటనవేలి గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు, కుండ కొనేవాళ్లు మోగించి చూసినట్టు. ఖంగుమంటే కుడివైపు మంచివాటిలో చేరి యంత్రంలోకి పోతుంది. బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్టు, అడుగున సుద్దతో ఇంటూ గీసి ఎడమవైపు గోడవార పేరుస్తాడు. ఒక్కసారే తడతాడు. రెండోసారి తట్టేవాడికి చెవులున్నా లేనట్టే అంటాడు. బీట ఉన్న బిళ్ల విసురుకే విరిగిపోతుంది. అలా ముందే విరిగినదాన్ని కొట్టినా లెక్కలోకి రాదు, ఇంకోటి వేయించుకుని మళ్లీ కొట్టాలి. ఇరవై రెండేళ్లలో మావయ్య చేతి మీదుగా అలాంటిది ఒక్కటీ పోలేదని చెప్పుకుంటారు. ఆయన మాత్రం తన గొప్ప తాను చెప్పుకోడు. ఎవరైనా చెబుతుంటే కాస్త దగ్గరికొచ్చి నిలబడతాడు, అంతే.

అలాంటి మనిషికి, ఇన్ని దేశాలవాళ్లు వచ్చిన పోటీల రోజునే బుర్ర గిర్రున తిరిగింది.

టీవీవాళ్లు పొద్దున్నే గుంతలోకి కెమెరా దించారు. అడ్డొస్తున్నావని ఆయన స్టూలును ఈ చివర నుంచి ఆ చివరకి మార్చారు. దాంతో మొహం ఎదురు తిరిగింది, ఎడమచేతి గోడ కాస్తా కుడిచేతి గోడైంది. ఈ మాత్రానికేం అనుకున్నాడు. మనిషి తిరిగినంత తేలిగ్గా చెయ్యి తిరుగుతుందా? మధ్యాహ్నంలోపు మూడుసార్లు మంచినీళ్ల సీసా అనుకుని నూనె డబ్బా అందుకున్నాడు.

కంచు పతకం దగ్గర ఆయన మేనకోడలూ ఇంకో దేశపు అమ్మాయీ సమానమయ్యారు. ఇక చెరో బిళ్లా కొట్టుకుంటూ పోవాలి, ముందు తప్పినవాళ్లు ఓడినట్టు. మేనకోడలు ఈ పతకం కోసమే ఉద్యోగం మానేసి, నాలుగేళ్లుగా ఎండనకా వాననకా తుపాకీ మోస్తోంది. గుంతలోంచి మావయ్యకి మనుషులు కనబడరు. కేక వినబడుతుంది, బిళ్ల పోవడం కనబడుతుంది. అవతలి అమ్మాయి బిళ్ల చెక్కుచెదరకుండా వెళ్లి నేలమీద పడింది. తర్వాత మేనకోడలి కేక వినబడింది. ఏడో యంత్రం విసిరింది. బిళ్ల విరిగింది, ఢాం అంది. లేదా ఢాం అంది, బిళ్ల విరిగింది. పైన ఒకటే చప్పట్లు.

మావయ్య మాత్రం స్టూలు మీదనుంచి లేవలేదు. ఏది ముందు? చెవి ఒకటి చెబుతోంది, కన్ను ఇంకోటి చెబుతోంది. పొద్దున్నుంచి తను సుద్ద గీసిన బిళ్లలు తొమ్మిది. గోడవారవి లెక్కపెట్టాడు, ఎనిమిదే ఉన్నాయి. మళ్లీ పెట్టాడు, ఎనిమిదే. పైనుంచి కిందికి పెడితే తగ్గుతున్నాయేమోనని కిందినుంచి పైకి కూడా పెట్టాడు. చెయ్యి పాత అలవాటున తొమ్మిదోదాన్ని మంచి బిళ్లల్లో పెట్టేసిందా? పెడితే ఏ యంత్రంలోకి పోయింది?

తుపాకులు ఆగాక మైదానంలోకి వెళ్లి ముక్కలన్నీ తిరగేశాడు. దానంతటది విరిగితే ముక్కలు గుంత ముందే రాలుతాయి, గుండు తగిలితే దూరంగా చెదురుతాయి. సుద్ద గీత ఉన్న ముక్క దొరికింది. దొరక్కపోయినా బాగుండేది, అది సరిగ్గా దగ్గరకీ దూరానికీ నడిమధ్యన పడి ఉంది.

చెబితే పిల్ల నోటి దగ్గర కూడు లాగేసినట్టు. చెప్పకపోతే ఇరవై రెండేళ్ల గోటికి అర్థమే లేదు. ఏం చెయ్యాలో పాలుపోక, ముక్క గుప్పిట్లో పట్టుకుని మేనకోడలి దగ్గరికే వెళ్లాడు. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే ఆ పిల్ల ఒక్కతీ బల్ల మీద కూచుని బూటు లేసు విప్పుతోంది, కడుతోంది.

"నేను నొక్కేముందే విరిగినట్టనిపించింది మావయ్యా," అంది ఆయన నోరు తెరవకముందే.

"అనిపించిందా, విరిగిందా?"

"అదే తెలీడం లేదు."

ఇద్దరూ కలిసి రిఫరీ దగ్గరికెళ్లారు. ఆయన పెద్దమనిషి, ఓపిగ్గా విన్నాడు. నువ్వు చూశావా అని పిల్లనడిగితే తెలీదంది. నువ్వు విన్నావా అని మావయ్యనడిగితే ఆయనా తెలీదన్నాడు. గుంతలో పెట్టిన కెమెరా వీడియో వెనక్కి తిప్పి చూస్తే అందులో మావయ్య మోకాలు తప్ప ఇంకేమీ పడలేదు. బీట ఉన్నంత మాత్రాన ముందే విరగాలని లేదు, పేలాకే విరిగింది, నేను కళ్లారా చూశానని రిఫరీ తేల్చేశాడు. ఆ మైదానంలో అనుమానం లేని మనిషి ఆయనొక్కడే. పతకం మేనకోడలి మెళ్లో వేశారు.

మైదానం ఖాళీ అవుతుంటే ఆ పిల్ల మెట్లు దిగి గుంతలోకి వచ్చింది. పతకం తీసి మావయ్య అరచేతిలో పెట్టింది.

"తట్టి చూడు మావయ్యా. నీ చెవి ఏమంటే అదే నాకు."

మావయ్య బొటనవేలి గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఖంగుమంది.

"బాగానే ఉందమ్మా," అన్నాడు.

తర్వాత ఇంకోసారి తట్టాడు.